స్పూల్ టేపులు కొన్ని కీచుమంటున్నయి, కొన్ని తెగుతున్నయి, మెషీన్ స్లో నడుస్తుంది: ముందు దేన్ని ముట్టాలె?

నకిరేకల్_స్పూల్

అన్నలందరికి నమస్తే. మా ఊరి భజన మండలి ట్రంకు పెట్టెల 7 అంగుళాల స్పూల్ టేపులు 23, 5 అంగుళాలవి 6 ఉన్నయి. భజనలు, ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు. వేరే కాపీలు ఎక్కడ లేవు. ట్రంకు రేకుల కప్పు కింద అటక మీద ఉండె. అన్నిటిని కంప్యూటర్‌ల ఎక్కియ్యాలె.

మెషీన్ 1970ల నాటి జపాన్ది. ఒకటే మోటారు, మూడు హెడ్లు, సెకనుకు 9.5, 19 సెంటీమీటర్ల స్పీడ్లు. 19 కోసం క్యాప్‌స్టన్‌కు, అంటే టేపును నడిపే ఇనుప కడ్డీకి, తొడిగే స్లీవు పోయింది.

టేపుల సంగతి గిట్ల ఉంది. తొమ్మిదింటికి వెనక వైపు మసి నలుపు, ముందు వైపు గోధుమ రంగు. అండ్ల ఒకటి పెడితే రెండు నిమిషాలు మంచిగ పాడింది, ఆ తర్వాత కీచుమని అరిచి ఆగింది. హెడ్ల మీద గోధుమ రంగు బంక. ఇంకో ఆరు డబ్బాలు తెరవంగనే పుల్లటి వాసన, టేపు అంచులు వంకర తిరిగినయి, గుంజితే పుటుక్కున తెగుతున్నయి. రెండు రీళ్ల అంచుల మీద తెల్ల బూజు. మిగిలినయి చూడనీకి మంచిగనే ఉన్నయి గని పాట బరువుగ, సాగినట్టు వస్తుంది. ఒక రీలుల ఎడమ స్పీకర్‌ల భజన, కుడి స్పీకర్‌ల అర్థం కాని మాటలు.

మెషీన్ల ఎడమ చానెల్ చిటపట. రివైండు సగం దాటినంక బలం చాలక ఆగిపోతుంది.

ముందు మెషీన్ బాగు చేయించాల్నా, టేపులు బాగు చేసుకోవాల్నా? నల్లగొండల ఇసొంటి మెషీన్ చూసేటోళ్లు దొరుకుత లేరు. చేతికి సోల్డరింగ్ అలవాటు ఉంది, మల్టీమీటర్ ఉంది.

పాలమూరు_టేపు

తమ్మీ, ముందుగాల ఒక్క పని చెయ్యి. ఆ 29 రీళ్లల్ల ఏదాన్నీ ఆ మెషీన్ మీద మళ్ల పెట్టకు. మెషీన్ సంగతి తేలేదాక పనికిరాని టేపుతోనే టెస్టు చెయ్యాలె. చెడిపోయిన టేపు ఒక్కసారి మాత్రమే మంచిగ పాడొచ్చు. ఆ ఒక్కసారి కంప్యూటర్‌ల రికార్డింగ్ నడుస్తుండాలె.

ఇప్పుడు రీళ్లను నాలుగు కుప్పలు చెయ్యి. ఏ కుప్పకు ఏ మందో తెల్వకుండ ముట్టుకుంటే ఒకదాని మందు ఇంకొకదానికి విషం అయితది.

మొదటిది నల్ల వీపు కుప్ప. ఆ నలుపు కార్బన్ పూత. టేపు వరుసగ చుట్టుకోనీకి 1970లల్ల కంపెనీలు వెనక వైపు వేసినయి. ఈ టేపుల్ల అయస్కాంతపు పొడిని ప్లాస్టిక్ పట్టీకి అతికించే బైండరు పాలీయురెథేన్. అది గాలిల తేమ తాగి, గొలుసులు తెగి, జిగురైతది. ఆంపెక్స్ 406, 407, 456, స్కాచ్ 226, 227, 806, 807 ఈ జబ్బుకు పేరుమోసినయి. డబ్బా మీద నంబర్ చూడు. డబ్బా మారి ఉండొచ్చు, కాబట్టి వీపు రంగునే ఎక్కువ నమ్ము. వీటిని ఫాస్ట్ ఫార్వర్డ్, రివైండు అస్సలు చెయ్యకు. పొర పొరకు అతుక్కొని ఉంటది, జోరుగ గుంజితే పక్క పొర మీది పూత ఊడి వస్తది, పూతతో పాటే పాట పోతది. చేత్తో ఒక అడుగు మెల్లగ విప్పి చూడు. చుట్ట నుంచి విడిపోయేటప్పుడు టేపు వెనక్కి అంటుకుంటూ, ఆగి ఆగి ఊడితే జబ్బు ఉన్నట్టే. దీనికి మందు సన్న వేడి. 54 డిగ్రీల సెల్సియస్, 8 గంటలు.

రెండోది పుల్ల వాసన కుప్ప. అది అసిటేట్ టేపు, అంటే పట్టీ పాలిస్టర్ కాకుండ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసింది. రీలును పక్కనుంచి బల్బు ముందు పట్టి చూడు. చుట్ట గుండా వెలుగు తేనెరంగుల కనిపిస్తే అసిటేట్, చీకటిగ ఉంటే పాలిస్టర్. స్కాచ్ 111 అసిటేట్‌దే. దీనికి వేడి పెట్టొద్దు, ఎంత తక్కువైనా పెట్టొద్దు. అసిటేట్ కుళ్లినప్పుడు అసిటిక్ ఆమ్లం వస్తది, ఆ ఆమ్లమే కుళ్లుడును ఇంకా జోరు చేస్తది. వేడి పెడితే టేపు కుంచించుకపోయి, వంకర పెరిగి, ఇగ హెడ్‌కు ఆనదు. ఇవాళే ఈ ఆరింటిని ట్రంకుల నుంచి తీసి, ప్లాస్టిక్ కవర్లు పారేసి, అట్ట డబ్బాల్ల వేరే గదిల పెట్టు. గాలి ఆడాలె. మిగిలినవాటి పక్కన పెడితే ఆ ఆవిరి వాటికీ తగుల్తది.

అసిటేట్‌తో ఒక మంచి ఉంది. తెగినప్పుడు సాగదు, గాజు లెక్క శుభ్రంగ విరుగుతది. రెండు కొసలు ఎదురుబదురు పెడితే సరిగ్గ కూడుతయి, ఒక్క అక్షరం కూడ పోదు. పాలిస్టర్ అయితే తెగేముందు సాగుతది, సాగిన చోట పాట పోయినట్టే. అందుకే ఏ జబ్బు లేని పాలిస్టర్ కుప్పకు కూడ బ్రేకులు సరిగ్గ లేని మెషీన్ శత్రువే.

మూడోది బూజు. ఎన్95 మాస్కు, చేతికి గ్లౌజులు, ఇంటి బయట పని. ముందు తడి పోవాలె. గాలి చొరని డబ్బాల సిలికా జెల్ పొట్లాలు వేసి రీలును వారం రోజులు పెట్టు. తడి బూజును తుడిస్తే పూతల్ల పూస్తది, ఎండిన బూజు మెత్తటి బ్రష్‌కే రాలిపోతది. తర్వాత చేత్తో మెల్లగ తిప్పుతూ, దూది పోగులు రాలని మెత్తటి గుడ్డ మధ్యల నుంచి టేపును పోనియ్యి. నీళ్లు, స్పిరిట్ వద్దు.

నాలుగోది, వీపు మెరుస్తూ ఉన్న మామూలు పాలిస్టర్. దాంతోనే పని మొదలుపెట్టు, చెయ్యి తిరుగుతది. ఒక జాగ్రత్త చెప్తున్న. నల్ల వీపు లేని టేపు కూడ ఒక్కోసారి కీచుమంటది. స్కాచ్ 175 లాంటిది. హెడ్ మీద బంక దొరకదు, అరుపు మాత్రం ఉంటది. దానికి వేడి పెడితే ఏం ఫాయిదా లేదు. చల్లగ ఉన్న గదిల, తక్కువ స్పీడుల పాడించి, తర్వాత కంప్యూటర్‌ల స్పీడు సరిచేసుకోవాలె.

కోఠి_సోల్డర్

టేపుల గురించి పాలమూరు అన్న చెప్పింది పాటించండి. మెషీన్ నేను చెబుతాను. ఒక మోటారు, మూడు హెడ్లు, క్యాప్‌స్టన్ స్లీవు అంటున్నారంటే అకాయ్ 4000 డీఎస్ తరహా మెకానిజం. ఈ రకం బాగుచేయడం కష్టం కాదు. లోపల ముప్పాతిక వంతు సమస్యలు రబ్బరు, గ్రీజు, స్విచ్చులే.

కరెంటు పెట్టే ముందు వెనక వోల్టేజీ సెలెక్టర్ 220 లేదా 240 మీద ఉందో లేదో చూడండి. మొదటిసారి సీరీస్ బోర్డు మీద, అంటే కరెంటు ముందు బల్బు గుండా వెళ్లి మెషీన్‌కు చేరేలా, 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో పెట్టండి, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, తీసేయండి. సీరీస్ బల్బుతో మోటారు పూర్తి స్పీడు అందుకోదు, అది లోపం కాదు.

స్పీడు కొలిచే పద్ధతి: పనికిరాని టేపు మీద 286 సెంటీమీటర్ల దూరంలో రెండు తెల్ల గుర్తులు పెట్టండి. 9.5 స్పీడులో మొదటి గుర్తు హెడ్‌ను దాటినప్పటి నుంచి రెండోది దాటేదాకా 30 సెకన్లు పట్టాలి. 31 పడితే 3 శాతం స్లో. సరిగ్గా 36 దగ్గర పడుతుంటే అది అరుగుదల కాదు, ఆ మెషీన్ 60 హెర్ట్జ్ దేశానికి తయారైంది. ఇక్కడ 50 హెర్ట్జ్ కరెంటు మీద మోటారు ఆరింట ఐదు వంతుల స్పీడులోనే తిరుగుతుంది. వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఇది మారదు. కొన్ని మెషీన్లలో మోటారు పుల్లీకి రెండు మెట్లు ఉంటాయి, బెల్టును రెండో మెట్టు మీదికి మార్చాలి. కొన్నింటిలో పుల్లీయే మార్చాలి. మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో చూసి చేయండి.

36 కాకుండా 31, 32 మధ్య ఊగుతుంటే బెల్టు, పించ్ రోలర్ (టేపును క్యాప్‌స్టన్‌కు నొక్కే రబ్బరు చక్రం), గ్రీజు. పాత బెల్టు సాగి ఉంటుంది లేదా తారులా కరిగి ఉంటుంది. కరిగింది పుల్లీలకు అంటుకుంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత కాటన్ బనీను గుడ్డతో పూర్తిగా తీయాలి. పిసరంత మిగిలినా కొత్త బెల్టు అక్కడ గెంతుతుంది, పాట వణుకుతుంది. కొత్త బెల్టు కొలతకు పుల్లీల చుట్టూ బెల్టు దారిలో దారం చుట్టి, ఆ పొడవులో 5 శాతం తగ్గించండి. పాత బెల్టు చదునుదైతే చదునుదే వేయాలి, గుండ్రటి ఓ-రింగు క్యాప్‌స్టన్‌కు పనికిరాదు. కౌంటర్ తిప్పే చిన్న బెల్టుకైతే రాణిగంజ్‌లో దొరికే ఓ-రింగు చాలు.

రివైండు బలహీనత, మోటారు తిరుగుడును రీలుకు అందించే ఐడ్లర్ చక్రం వల్ల. అంచు రబ్బరు గట్టిపడి గాజులా మెరుస్తుంటుంది. చక్రాన్ని తీసి, 400 నంబర్ ఎమరీ పేపర్‌ను చదునైన చెక్క మీద పెట్టి, చక్రాన్ని తిప్పుతూ మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దండి. ఎక్కువ రుద్దితే చుట్టుకొలత తగ్గుతుంది. అది ఆడే లివర్ పిన్నుల్లో పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని ఆల్కహాల్‌తో కరిగించి, కొత్త లిథియం గ్రీజు అగ్గిపుల్ల కొసతో అంటించండి. చక్రం రబ్బరు మీద గ్రీజు చుక్క పడితే చేసిందంతా వృథా. రీల్ టేబుళ్ల కింద బ్రేకు ఫెల్టులు ఆనుతూ ఉన్నాయేమో కూడా చూడండి.

పించ్ రోలర్ రబ్బరు గోటితో నొక్కితే కొంచెం దిగి మళ్లీ లేవాలి. రాయిలా ఉంటే, మధ్యలో గాడి పడితే, లేత్ మీద పాత రబ్బరు తీసేసి అదే మందం కొత్త రబ్బరు ట్యూబు ఎక్కించి, క్యాప్‌స్టన్‌కు సమాంతరంగా గ్రైండ్ చేయించాలి. దీని ఒక అంచు రెండో అంచు కంటే కాస్త ఎక్కువ ఉన్నా టేపు పైకో కిందికో ఎక్కి అంచు నలుగుతుంది.

మోటారు మొదలవడానికే బద్ధకిస్తుంటే రన్ కెపాసిటర్ చూడండి. అదే మైక్రోఫారడ్ విలువ, అదే లేదా ఎక్కువ ఏసీ వోల్టేజీ రేటింగ్ ఉన్నదే వేయాలి. ఎలక్ట్రోలైటిక్ అక్కడ వేస్తే పేలుతుంది. మోటారు బేరింగులకు పలచటి నూనె ఒక్క చుక్క, అంతకు మించి వద్దు.

ఎడమ చానెల్ చిటపట ఎక్కువగా రికార్డు/ప్లే స్లైడ్ స్విచ్చుది. పొడవాటి స్విచ్చు, పదుల కాంటాక్టులు, వెండి పూత నల్లబడి ఉంటుంది. కరెంటు తీసి, కాంటాక్ట్ క్లీనర్ సన్నటి గొట్టంతో లోపలికి కొట్టి, స్విచ్చును ఓ ముప్పైసార్లు ముందుకూ వెనక్కీ ఆడించండి. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి, నూనె మిగిలి దుమ్ము పడుతుంది. అయినా బుసబుస ఆగకపోతే ప్రీఆంప్ (హెడ్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే భాగం) ట్రాన్సిస్టర్లు. ఆ కాలం జపాన్ సెట్లలో టూఎస్‌సీ458 అనేది పాతబడితే బుసకొట్టడంలో ప్రసిద్ధం. బేస్, కలెక్టర్, ఎమిటర్ వరుస సరిచూసుకుని తక్కువ నాయిస్ ట్రాన్సిస్టర్ వేయండి, రెండు చానెళ్లకూ ఒకటే రకం.

హెడ్ల మీద బంక ఆల్కహాల్, ఇయర్ బడ్స్‌తో పోతుంది. మందుల షాపులో ఇచ్చే సర్జికల్ స్పిరిట్ వద్దు, కొన్నింటిలో నూనె కలిపి ఉంటుంది. ఆ తర్వాత డీమ్యాగ్నటైజర్, అంటే హెడ్లలో మిగిలిన అయస్కాంతాన్ని పోగొట్టే పరికరం. మెషీన్ ఆఫ్ చేసి, టేపులన్నీ పక్క గదిలో పెట్టి, డీమ్యాగ్నటైజర్‌ను మీటరు దూరంలో ఆన్ చేసి, మెల్లగా దగ్గరకు తెచ్చి, హెడ్ల మీద నెమ్మదిగా ఆడించి, అంతే మెల్లగా మీటరు దూరం తీసుకెళ్లాకే ఆఫ్ చేయాలి. దగ్గర ఉండగా ఆఫ్ చేస్తే హెడ్ కొత్తగా అయస్కాంతమవుతుంది, అది ప్రతి టేపు మీదా పై స్వరాలను కొంచెం కొంచెంగా తినేస్తుంది.

ఒక ముఖ్యమైన మాట. రీలుకు క్యాసెట్‌లాగా తుంచేసే ట్యాబ్ ఉండదు. రికార్డ్ బటన్ పొరపాటున నొక్కితే పాట పోయినట్టే. ఆ బటన్ కదలకుండా ఇప్పుడే అట్టముక్క పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

నకిరేకల్_స్పూల్

శానా థ్యాంక్స్ అన్నా. బల్బు ముందు పెట్టి చూసిన. పుల్ల వాసనయి ఆరు వెలుగు వస్తున్నయి, నల్లయి తొమ్మిది చీకటే. 36 సెకన్ల టెస్టు చేస్తే 35, 36 మధ్య వచ్చింది. పుల్లీకి రెండు మెట్లు ఉన్నయి, బెల్టు సన్నదాని మీద ఉంది.

వేడి పెట్టనీకి ఓవెన్ లేదు. మే నెలల మా దగ్గర 44 డిగ్రీలు ఉంటది గదా, డాబా మీద ఎండల పెడితే నడుస్తదా? కోళ్ల ఫారం ఇంక్యుబేటర్ ఒకటి అందుబాటుల ఉంది, అది పనికొస్తదా?

కోఠి_సోల్డర్

50 హెర్ట్జ్‌లో మోటారు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దానికి పెద్ద మెట్టు కావాలి. బెల్టు లావుదాని మీదికి మార్చి మళ్లీ 286 సెంటీమీటర్లు కొలవండి.

పాలమూరు_టేపు

ఎండల వద్దే వద్దు తమ్మీ. గాలి వేడి 44 ఉన్నా, నల్లటి రీలు ఎండల దాన్ని మస్తు దాటిపోతది, అది కూడ ఒక దిక్కే. పైపొర కాలుతది, లోపొర చల్లగ ఉంటది, చుట్ట వంకర పోతది. ఎండ కదులుతున్నకొద్దీ వేడి మారుతది. ఈ వైద్యానికి కావాల్సింది ఎనిమిది గంటలు కదలకుండ నిలబడే వేడి. కోళ్ల ఇంక్యుబేటర్ 38 డిగ్రీల దగ్గర ఆగుతది, పైగ పొదిగే గుడ్లకు అండ్ల తేమ పెడతరు. మనకు తేమనే శత్రువు.

పండ్లు, కూరగాయలు ఎండబెట్టే డీహైడ్రేటర్ తెచ్చుకో. గుండ్రటిది, థర్మోస్టాట్ ఉన్నది, 7 అంగుళాల రీలు చదునుగ పట్టేది. ట్రేల నడిమి జాలి కోయాల్సి వస్తది. డయల్ మీది అంకె నమ్మకు. వైరు కొసకు సెన్సర్ ఉండే డిజిటల్ థర్మామీటర్‌ను రీలు పెట్టే ట్రేల పెట్టి, ఖాళీగ రెండు గంటలు నడిపి చూడు. 52 నుంచి 55 మధ్య నిలవాలె. 60 దాటే మెషీన్ అయితే వాడకు. కాలేజీ ల్యాబుల, రక్త పరీక్షల ల్యాబుల ఉండే హాట్ ఎయిర్ ఓవెన్ దొరికితే ఇంకా మంచిది. గ్యాస్ ఓవెన్ల ఆవిరి పుడతది, మైక్రోవేవ్ అయితే రీలునే నాశనం చేస్తది. ఆ రెండింటి జోలికి పోకు.

పద్ధతి విను. రీలును డబ్బాల నుంచి, కవర్ల నుంచి తీసెయ్యి. ముందు ఒకటే రీలు పెట్టు, అది కూడ తొమ్మిదింట్ల తక్కువ విలువైనది. రెండు గంటలకోసారి తిరగేస్తుండు, వేడి రెండు దిక్కుల సమానంగ తగుల్తది. ఎనిమిది గంటలైనంక హీటర్ బంద్ చేసి మూత తియ్యకుండ చల్లారనియ్యి, తర్వాత ఇంకో ఎనిమిది గంటలు మామూలు గదిల ఉండాలె. వేడి మీద పాడిస్తే టేపు సాగుతది. చల్లారినంక మళ్ల ఒక అడుగు విప్పి చూడు. జారినట్టు ఊడితే సిద్ధం. ఇంకా అంటుకుంటే ఇంకో నాలుగు గంటలు పెట్టొచ్చు.

ఇది శాశ్వతం కాదు. బైండర్ల తేమ పోయి కొన్ని వారాలు గట్టిగ ఉంటది, మళ్ల తేమ తాగుతది. వానాకాలంల ఇంకా జల్ది. అందుకని తొమ్మిదింటినీ ఒకేసారి కాల్చి పెట్టుకోకు. నీవు ఆ వారం ఎన్ని ఎక్కియ్యగలవో అన్నే పెట్టు.

గద్వాల_ఆడియో

కంప్యూటర్‌లోకి ఎక్కించే భాగం చెబుతాను. ఇక్కడ చాలామంది తొందరపడతారు.

కుడి స్పీకర్‌లో వచ్చే ఆ అర్థంకాని మాటలు అదే టేపు రెండో వైపు. ఆ రీలు సగం ట్రాక్ మోనో మెషీన్ మీద రికార్డైంది. టేపు వెడల్పులో పైసగం ఒక వైపు పాట, కిందిసగం రెండో వైపు పాట, వెనక నుంచి ముందుకు. మీ మెషీన్ పావు ట్రాక్ స్టీరియో, దాని హెడ్ ఒకటో, మూడో ట్రాకులను చదువుతుంది. ఒకటి మొదటి వైపులో పడుతుంది, మూడు రెండో వైపులో పడుతుంది. కాబట్టి రెండు చానెళ్లూ కలిపి మోనో చేయకండి. ఎడమ చానెల్ మొదటి వైపుగా ఉంచుకుని, కుడి చానెల్‌ను ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రివర్స్ చేస్తే రెండో వైపు కూడా అదే సారి వచ్చేస్తుంది. తెగిపోయే అసిటేట్ టేపులకు ఇది వరం, టేపు ఒక్కసారే నడుస్తుంది. గట్టి టేపులకు మాత్రం రీలు తిరగేసి రెండుసార్లు ఎక్కించండి, ఎడమ చానెల్ అజిమత్ సరిచూసుకోవచ్చు.

అజిమత్ అంటే హెడ్ గీత టేపుకు నిలువుగా ఉందా లేదా అనేది. ఇంకో మెషీన్ మీద రికార్డైన టేపు మీ మెషీన్‌లో మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపించడానికి సగం కారణం ఇదే. ప్లే హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. ముందు దాని తల మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, పాడుతుండగా ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు తిప్పి, తాళాల గలగల, ‘స’ అక్షరం ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. ప్రతి రీలుకూ మళ్లీ చూసుకోవాలి. మెషీన్ కోసం పెట్టిన పనికిరాని టేపు మీద ముందు చేతికి అలవాటు చేసుకోండి.

వైర్లు: వెనక ఆర్‌సీఏ లైన్ అవుట్ ఉంటే అదే. గుండ్రటి ఐదు పిన్నుల డిన్ సాకెట్ మాత్రమే ఉంటే 3 ఎడమ అవుట్, 5 కుడి అవుట్, 2 గ్రౌండ్. 1, 4 రికార్డింగుకు లోపలికి వెళ్లేవి, వాటిని వదిలేయండి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి, ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి ఎక్కించకండి. రెండు లైన్ ఇన్‌పుట్లు ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనండి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. గంటకు సుమారు 2 జీబీ అవుతుంది. 1,800 అడుగుల రీలు 9.5 స్పీడులో వైపుకు 96 నిమిషాలు, అది కూడా 4 జీబీ లోపే. గట్టి చోట లెవల్ మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టుకోండి. చేతికి అందినంత బాగా ఎక్కించిన ఆ మొదటి ఫైలును అలాగే దాచాలి. బుస తగ్గించడం, చిటపట తీయడం అన్నీ దాని కాపీ మీదే.

స్లీవు లేకపోవడం పెద్ద ఇబ్బంది కాదు. 19లో రికార్డైన టేపును 9.5లో ఎక్కించి కంప్యూటర్‌లో రెట్టింపు చేయండి. 19 స్పీడుకు నాబ్ (అమెరికా ప్రసార సంస్థల సంఘం) ఈక్వలైజేషన్, అంటే పై, కింది స్వరాల సర్దుబాటు, 50 మైక్రోసెకన్లు. సగం స్పీడులో అది 100 అవుతుంది, 9.5 మెషీన్ ఈక్వలైజేషన్ 90. తేడా పై స్వరాల్లో 1 డీబీ లోపు. కింది బేస్‌లో కొంచెం మారుతుంది, భజనకు అది వినిపించదు.

స్పీడు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి పాట ఆగిన చోట మిగిలే కరెంటు గుమ్మును, అంటే మెయిన్స్ కరెంటు వల్ల టేపు మీద పడ్డ సన్నటి హోరును, చూడండి. ఆడాసిటీలో ఆ ముక్కను ఎంచుకుని ప్లాట్ స్పెక్ట్రం తెరిచి, సైజు 65,536 పెడితే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర మొనలు కనిపించాలి. 150 దగ్గరిది చూసి లెక్కించండి, అక్కడ తేడా మూడింతలై తెలుస్తుంది.

కోఠి_సోల్డర్

గద్వాల అన్నా, గుమ్ము పద్ధతి మంచిదే, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ రోజుల్లో మన దగ్గర గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 మీద నిలిచేది కాదు, 49కి, ఇంకా కిందికీ పడేది. కరెంటు మోటారు మెషీన్ అయితే ఫ్రీక్వెన్సీ పడ్డప్పుడు టేపు కూడా అంత నెమ్మదిగా నడిచింది. 49 హెర్ట్జ్ గుమ్ము, 49/50 స్పీడులో నడిచిన టేపు మీద పడింది. ఇవాళ సరైన స్పీడులో పాడిస్తే ఆ గుమ్ము మళ్లీ 50 దగ్గరే చూపిస్తుంది! పాట మాత్రం 2 శాతం పైకి లేచి ఉంటుంది, అంటే అర స్వరంలో మూడో వంతు. గుమ్ము మన మెషీన్ సరిగ్గా ఉందని చెబుతుంది, పాట శ్రుతి సరిగ్గా ఉందని చెప్పదు.

బ్యాటరీ మెషీన్ మీద మైకు సెట్టు పక్కన రికార్డ్ చేసిన టేపైతే గుమ్ము అసలు లెక్క చెబుతుంది. అలాంటి టేపులో శ్రుతి చివరికొచ్చేకొద్దీ పైకి పోతుంటే రికార్డింగప్పుడు సెల్లు దిగిపోయిందన్నమాట. ఒకే శాతం కాకుండా మొదటికీ చివరికీ వేరుగా సరిచేయాలి.

గద్వాల_ఆడియో

ఒప్పుకుంటాను, అది సరైన మాట. అందుకే భజనలకు హార్మోనియం చూడాలి. రీడ్లు కదలవు. పాడినవాళ్లు ఒకటిన్నర శ్రుతిలోనో రెండో శ్రుతిలోనో పెట్టుకుని ఉంటారు, పాట ఆ రెండు కట్టెల (హార్మోనియం మెట్ల) మధ్య ఎక్కడో వినిపిస్తే పైకి లేచిందని అర్థం, దగ్గరి కింది కట్టెకు దించవచ్చు. తేడా అర స్వరంలో పదో వంతు లోపు ఉంటే ముట్టుకోకండి, పాత హార్మోనియంల ట్యూనింగే అంత తేడాగా ఉంటుంది. ఒగ్గుకథలో అలాంటి ఆధారం లేదు. డోలు, తాళాలు శ్రుతి చెప్పవు. బతుకమ్మ పాటలో అయితే చప్పట్లే. వాటిని 9.5 లెక్కకు ఎంత వస్తే అంతకు ఉంచి, ఫైలుతోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో రీలు మీది రాత, టేపు రకం, పాడించిన స్పీడు, ట్రాకులు, వేడి పెట్టిన తేదీ రాసి పెట్టండి. డబ్బా మీది చేతిరాతను ఫోటో తీయడం మరవకండి.

నకిరేకల్_స్పూల్

బెల్టు లావు మెట్టు మీదికి మారిస్తే 30.5 సెకన్లు వచ్చింది. కొత్త బెల్టు వేసినంక మళ్ల చూస్త. ఒక్కటి మిగిలింది. తెగిన అసిటేట్ల, పాత జాయింట్ల దగ్గర ఎవరో మామూలు సెల్లోటేపు అంటించిన్రు. అది పసుపు పచ్చగ కారి పక్క పొరలకు అంటింది. ఎట్ల తియ్యాలె?

పాలమూరు_టేపు

బలవంతంగ పీకకు. జాయింటు దగ్గర చుట్టను చేత్తో విప్పు. పక్క పొర అంటుకున్న చోట లైటర్ ఫ్లూయిడ్, అంటే నాఫ్తా, ఇయర్ బడ్ కొసకు ఒక్క చుక్క పట్టించి వెనక వైపు నుంచి అద్దు, జిగురు వదుల్తది. బీడీ, సిగరెట్, దీపం దగ్గర లేకుండ చూసుకో, కిటికీ తెరువు. అసిటోన్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం ముట్టించకు. అసిటేట్ టేపే కరిగిపోతది.

సెల్లోటేపు వచ్చినంక వెనక వైపు జిగురు పూర్తిగ తుడిచి ఆరనియ్యి. తెగిన కొసలు శుభ్రంగ ఉంటే కొత్తగ కొయ్యకు, ఉన్నవాటినే కలుపు. నలిగిన ముక్క ఉంటేనే స్ప్లైసింగ్ బ్లాకు (టేపును పట్టి కోయనీకి గాళ్లు ఉండే దిమ్మ) మీద 45 డిగ్రీల గాడిల కొత్త బ్లేడుతో కోసి కలపాలె. బ్లేడును ముందుగాల డీమ్యాగ్నటైజర్ దగ్గర ఒకసారి ఆడించు. బ్లేడుల అయస్కాంతం ఉంటే ప్రతి జాయింటు దగ్గర టక్కుమని చప్పుడు పడ్తది. అంటించేది స్ప్లైసింగ్ టేపే, 5.5 మిల్లీమీటర్ల వెడల్పుది. టేపు వెడల్పు 6.3, కాబట్టి అంచుల నుంచి బయటికి రాదు. మెరిసే వీపు మీదనే అంటించు, పూత దిక్కు కాదు. గోటితో గట్టిగ రుద్దితే గాలి బుడగలు పోయి తెల్లగ ఉన్నది పారదర్శకమైతది. మొదటికి, చివరికి ఒక్కో మీటరు లీడర్ టేపు, అంటే పూత లేని ఖాళీ టేపు, కలుపు. వంకర తిరిగిన అసిటేట్ అయితే ప్లే అయ్యేటప్పుడు హెడ్ ఎదురుగ మెత్తటి ఫెల్టు ముక్కతో సన్నగ ఆనియ్యాలె, లేకుంటే పై స్వరాలు ఎగిరెగిరి పోతయి. అంతా ఎక్కినంక రివైండు చెయ్యకుండ, మెల్లగ పాడి చుట్టుకున్న చుట్టనే అట్లనే డబ్బాల పెట్టి, మీద ‘చివర బయట ఉంది’ అని రాయి.